సగం స్లాబు

మా బడి కప్పు ఊడిపడ్డప్పుడు నేను ఎదురుగా, కడుతున్న కాంప్లెక్సు మీద, నెత్తిన తట్టతో నిలబడి ఉన్నాను. చప్పుడు వినపడలేదు. కంకర, సిమెంటు కలిపే మిల్లరు తిరుగుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు, కాంక్రీటు పని చేసినవాళ్ళకి తెలుసు. బడి కొత్త బ్లాకు కిటికీల్లోంచి తెల్లటి దుమ్ము ఒక్కసారిగా బయటికి ఎగదన్నింది. ఆ వెనకే పిల్లలు వచ్చారు. జుట్టు, కనురెప్పలు, బట్టలు అన్నీ సున్నంలో ముంచి తీసినట్టున్నాయి. ఎవరి పిల్ల ఎవరో పోల్చుకోలేక తల్లులం ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగాం.

మా పిట్ట మాత్రం బయటికి రాలేదు.

పిట్ట నా కూతురు. గుప్పెడంత మనిషి, గదంతా వినపడే గొంతు. అందుకే వీధంతా దాన్ని అలా పిలుస్తారు. వాళ్ళ నాన్న దూరపు పనుల మీద తిరుగుతుంటాడు, ఇంట్లో నేనూ, దానికి తాతయ్య అయిన మా మావయ్యా, అదీ. లోపలికి పరిగెత్తేసరికి పెద్ద పెచ్చు ఒకటి బల్లను నేల కరిపించి పడి ఉంది. కింద పిట్ట కాలు. అంత గొంతున్న పిల్ల ఏడవడం కూడా లేదు. "అమ్మా, నా సంచి కూడా కిందే ఉంది" అంది. నలుగురం కలిసి లేపితే గాని ఆ పెచ్చు కదల్లేదు.

అప్పటికే తెల్లచొక్కా వచ్చేశాడు. ఎంత దుమ్ములో తిరిగినా చొక్కాకి మరక అంటనివ్వడు కాబట్టి మా కూలీల ముఠా అతనికి పెట్టుకున్న పేరు అది. ఆ కొత్త బ్లాకు కట్టిన కాంట్రాక్టరు అతనే. మేం ఎదురుగా కడుతున్న షాపుల కాంప్లెక్సూ అతనిదే. గుమ్మంలో నిలబడి ముందు కప్పు వంక చూశాడు. తరువాత తన మనిషితో, "గేటు మూసెయ్. ఎవర్నీ ఫోటోలు తియ్యనివ్వకు" అన్నాడు. పిట్టను ఎత్తుకుని నేను పక్కనుంచి పోతుంటే మోచెయ్యి తగిలి అతని చొక్కాకి రక్తం అంటింది. పిల్ల వంక చూడలేదు, చొక్కా చూసుకున్నాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ఆసుపత్రిలో కాలు నిలబెట్టారు. నడక మాత్రం మునుపటిలా రాదని డాక్టరు చెప్పాడు. మా మావయ్య బయట మెట్ల మీద కూర్చుని రెండు చేతులూ ముందు పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. ఎందుకో చెప్పాలి.

మాది పనివాళ్ళ వీధి. సెలవుల తరువాత బడి తెరిచే ముందు ప్రతి ఏడూ వీధి మొత్తం బడికి ఒక రోజు పని ఇస్తుంది. బల్లలు బిగించేవాళ్ళు బిగిస్తారు, సున్నం వేసేవాళ్ళు వేస్తారు. ఈ ఏడు కొత్త బ్లాకు కప్పు పెచ్చులు రాలుతూ, తుప్పు పట్టిన చువ్వలు బయటపడి కనపడ్డాయి. వేరే వీధి అయితే గదికి తాళం వేసి అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయేవాళ్ళు. మా వాళ్ళు తాపీలు తీశారు. మా మావయ్య పేరున్న తాపీ మేస్త్రి. పాడైన గోడ కనపడితే ఆయన చేతులు ఊరుకోవు. చువ్వల తుప్పు గీకి, సిమెంటు పట్టించి, ఆ కప్పును ఎలా తీర్చాడంటే కిందినుంచి చూస్తే అద్దమే. "మన పిల్లలు తలెత్తితే అందంగా కనపడాలి కదమ్మా" అని మురిసిపోయాడు. లోపల చువ్వలు తుప్పుకి ఉబ్బుతూనే ఉన్నాయి. పగుళ్ళు పైకి కనపడి ఉంటే పెద్ద టీచరమ్మ ఎప్పుడో ఆ గది ఖాళీ చేయించేది. ప్రేమతో చేసిన పని కదా, ఎవరినని తిడతాం!

తెల్లచొక్కాకి ఆ పూత దొరికిన వరం అయింది. విచారణకు వచ్చిన ఆఫీసరుతో అందరి ముందూ అన్నాడు, "నేను వేసిన స్లాబు రాయి సార్. ఈ మేస్త్రీలే ఎక్కి సుత్తులతో కొట్టి, అడ్డమైన బరువూ పూశారు. వీళ్ళ పిల్లల్ని వీళ్ళే చంపుకునేవాళ్ళు."

మావయ్య నిజంగానే ఆ మాట నమ్మేశాడని నాకు అప్పుడే భయం వేసింది.

ఆఫీసరు బడి మొత్తానికి తాళం వేయించి, లక్క సీలు కొట్టించాడు. కొత్త బ్లాకు ఒక్కటే అయితే ఎవరం కాదనం. కానీ పక్కనే పాత హాలు ఉంది. మా ముఠా పెద్దలు ఏటి ఇసుకతో కట్టిన హాలు, ఎన్ని వానలు కురిసినా గోడకు చెమ్మ పట్టలేదు. దానికీ తాళమే.

పెద్ద టీచరమ్మ అడ్డం నిలబడింది. "పాత హాల్లో, వరండాలో పూటకి కొంతమంది చొప్పున చెప్పుకుంటాం సార్. పిల్లల్ని కొత్త బ్లాకు దరిదాపులకి పోనివ్వం. మీరు కప్పు పడకుండా కింద ఆనించే జాకీలు పెట్టించి ఒక్కో గదీ బాగు చెయ్యండి."

"రేపు ఏమైనా అయితే ఎవరమ్మా బాధ్యులు?"

"నిన్న అయినదానికి ఎవరు సార్ బాధ్యులు?"

ఆఫీసరు హైవే అవతలి బడిలో పిల్లల్ని చేర్చుకుంటారని కాగితం చేతిలో పెట్టి జీపెక్కాడు. లారీలు కన్నుమూసుకుని తోలే ఆ రోడ్డు దాటించి ఏ తల్లి పంపుతుంది? ఆ సంగతి ఆఫీసరుకీ తెలుసు. బడి ఆవరణలో తెల్లచొక్కా మనుషులు టేపులు పట్టుకుని కొలవడం మేం కళ్ళారా చూశాం. కాంప్లెక్సుకి కార్లు నిలపడానికి చోటు లేదని అతను చాన్నాళ్ళుగా గింజుకుంటున్నాడు. మా పిల్ల రక్తం ఆరకముందే అతనికి చోటు దొరికింది.

కొన్ని రోజులకి పనిలో పిల్లలు కనపడటం మొదలైంది. ఇంట్లో వదిలి రాలేక తల్లులు వెంట తెచ్చుకున్నారు. మొదట నీడన కూర్చున్నారు. తరువాత కంకర ఏరారు. ఒక పొద్దున చూద్దును కదా, తెల్లచొక్కా మనిషి ఆటోలోంచి కొత్త తట్టలు దింపుతున్నాడు. చిన్న తట్టలు. పిల్లల తలకు సరిపోయేవి. పిట్ట పక్క బల్లలో కూర్చునే పిల్ల ఒక తట్ట నెత్తిన పెట్టుకుని నావంక చూసి నవ్వింది. ఇంకొన్నాళ్ళకి పిట్ట లేచి నిలబడుతుంది, దాని కోసం కూడా ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజే నిశ్చయించుకున్నాను. బడి తెరవాలి, అది మొదటి మాట. తెల్లచొక్కా ఏడవాలి, అది రెండో మాట. రెండింటిలో ఏది ముందు అని నన్ను అడగకండి.

ఆదివారం అడ్డా మీద, రోజూ కూలికి నిలబడే చోటే, అందరం కలిశాం. తాపీవాళ్ళు, స్లాబు కింద చెక్కలు బిగించే సెంట్రింగువాళ్ళు, చువ్వలు వంచేవాళ్ళు, తట్టలు మోసే ఆడవాళ్ళం. పెద్ద టీచరమ్మ కూడా వచ్చి మా మధ్య ఇటుకల మీద కూర్చుంది.

సెంట్రింగు ముఠా పెద్ద మాకు వరసకి బావ. "ఆఫీసు ముందు కూర్చుందాం" అన్నాడు.

"కూర్చుంటే మన కాళ్ళే తిమ్మిరెక్కుతాయి" అంది మిల్లరక్క. మిల్లరు తిప్పే మనిషి కాబట్టి ఆ పేరు. ఆమె నోటికి ముఠా అంతా జడుస్తుంది.

"మరి అసలు తప్పు మనదేగా? మనం పూసిందేగా పడింది?" వెనకనుంచి ఎవరో అన్నారు. మావయ్య తల వంచుకున్నాడు. అందరూ ఒక్కసారి మాట్లాడారు, కొట్టుకునేంత పనయింది. తాపీవాళ్ళు సున్నంవాళ్ళ మీద, సున్నంవాళ్ళు తాపీవాళ్ళ మీద. తెల్లచొక్కా అక్కడ ఉండి ఉంటే మురిసిపోయేవాడు.

టీచరమ్మ సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. విప్పితే పిట్ట కాలి మీద పడ్డ పెచ్చులోది ఒక ముక్క. "పూత ఇంత మందమే ఉంది" అని వేలు చూపించింది. "మిగతాదంతా స్లాబే. సీలు వేసే ముందు నేను తీసి దాచాను. ఇది ఎందుకు ఇలా పొడి అవుతోందో మీరు చెప్పాలి. నాకు తెలీదు."

మావయ్య ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశాడు. లోపలి భాగాన్ని గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తరువాత పక్కనున్న బావ చేతిలో పెట్టాడు.

"చూడు."

బావ నాలుక మీద పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు. "ఉప్పు!"

ముక్క చేతులు మారింది. మిల్లరక్క రుచి చూసింది, నేను చూశాను, టీచరమ్మా చూసింది. తెల్లచొక్కా సముద్రం ఇసుక కడగకుండా పోశాడు. ఆ ఉప్పే చువ్వల్ని తినేసింది. ఆ బ్లాకు స్లాబు వేసిన రోజు మా ముఠాను రానివ్వకుండా బయటి మనుషుల్ని తెచ్చి, చుట్టూ రేకులు కట్టి ఎందుకు పోయించాడో ఇప్పుడు అందరికీ అర్థమైంది. అందరి నోట్లోనూ అదే ఉప్పు.

"కాంప్లెక్సు పై స్లాబు ఈ వారమే" అన్నాను నేను. "సగంలో దిగేద్దాం."

మావయ్య దిగ్గున లేచాడు. "ఏం మాట్లాడుతున్నావే? స్లాబు సగంలో దిగడమా? మా నాన్న పోయాడని కబురొచ్చినా ఆఖరి తట్ట పడ్డాకే దిగినవాణ్ణి నేను. సగంలో దిగిన ముఠాని మళ్ళీ ఎవడైనా పిలుస్తాడా?"

పని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. స్లాబు మొదలుపెడితే ఒక్క ఊపులో పోసేయాలి. ఆపితే పోసినంతా గట్టిపడుతుంది, పైన మళ్ళీ పోసింది దానితో కలవదు. ఆ అతుకు దగ్గర నీళ్ళు కారతాయి, పగుళ్ళు వస్తాయి. అందుకే మొదటి తట్ట పడ్డాక చివరి తట్ట దాకా ఎవరూ దిగకూడదన్నది మాలో కట్టుబాటు. పెళ్ళిళ్ళు ఆగాయి దాని కోసం, పురుళ్ళు కూడా పని మీదే వచ్చాయి.

"అందుకే మావయ్యా" అన్నాను. "అతను పోలీసులకి భయపడడు, ఆఫీసరుకి భయపడడు. కాంక్రీటుకి భయపడతాడు. అది ఎవరి కోసమూ ఆగదు."

"మన మర్యాద ఏం కావాలి?"

"మన పిల్ల కాలు ఏమైందో అదే కానీ!"

నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలియదు. మావయ్య తన చేతులు చూసుకున్నాడు. చివరికి, "ఈ చేతులు పూసినదాని కిందే అది నలిగింది. అబద్ధాన్ని అద్దంలా తీర్చి పెట్టాను వాడికి. ఇంకా మర్యాదేంటి, దిగండి" అన్నాడు. కూర్చోబోతూ మళ్ళీ లేచి, "ఆ సీలు మాత్రం నేను పగలగొడతా. అది నాకు వదిలెయ్యండి" అన్నాడు.

స్లాబు రోజు వచ్చింది. తెల్లచొక్కా షాపులు కొనేవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు, కింద గొడుగుల్లో కుర్చీలు వేయించాడు. మిల్లరు తిరిగింది. తట్టలు చేయి చేయీ మారుతూ పైకి లేచాయి. మేం ఎప్పటికంటే బాగా చేశాం. వంకపెట్టడానికి ఏమీ లేనంత బాగా చేశాం. తెల్లచొక్కా కింద కొనేవాళ్ళతో, "మా వాళ్ళు బంగారం అండీ" అన్నాడట, తరువాత తెలిసింది.

స్లాబు నడిమధ్యకు వచ్చింది. నేను తట్ట దించి బోర్లించాను.

నా వెనక మనిషి బోర్లించింది. ఆమె వెనక ఇంకొకామె. వరస కిందిదాకా అలాగే పోయింది. మిల్లరక్క మిల్లరు ఆపి, దాన్ని స్టార్టు చేసే ఇనుప హ్యాండిల్ ఊడదీసి నడుముకి దోపుకుంది. ఒక్కసారి అంత నిశ్శబ్దం అయ్యేసరికి కింద గొడుగుల్లో వాళ్ళు తలెత్తి చూశారు.

"ఏమైందే? డీజిల్ అయిపోయిందా?" తెల్లచొక్కా అరిచాడు.

"ఓపిక అయిపోయింది!" అంది మిల్లరక్క.

అతను ఆయాసపడుతూ పైకి వచ్చాడు. చుట్టూ మేం తట్టల మీద కూర్చుని ఉన్నాం. మొదట తిట్టాడు. ఒక్కొక్కరి పేరూ పోలీసులకి ఇస్తానన్నాడు. ఎండ చుర్రుమంటోంది. కాంక్రీటు మీది నీళ్ళు ఇంకిపోతున్నాయి. అది గట్టిపడేకొద్దీ అతను మెత్తబడ్డాడు. అంతవరకు నన్ను 'ఏయ్' అని తప్ప పిలవని మనిషి, "అక్కా, ఏం కావాలో చెప్పక్కా" అన్నాడు.

"బడి గేటు తెరవాలి. నీ గొడౌన్లో ఉన్న జాకీలన్నీ బడికి రావాలి. కొత్త బ్లాకు ఒక్కో గదీ ఏటి ఇసుకతో మళ్ళీ వెయ్యాలి, మా ముఠా కళ్ళ ముందు. అప్పటిదాకా పాత హాల్లో బడి నడవాలి."

"సరే, సరే. ముందు మిల్లరు తిప్పించు."

"ఇంకొకటి ఉంది." కొంగు ముడి విప్పి ముక్క తీశాను. "ఇది నోట్లో పెట్టుకో. రుచేంటో కింద కూర్చున్నవాళ్ళకి వినపడేలా చెప్పు."

అతని మొహం మాడిపోయింది. కింద కొనేవాళ్ళు లేచి నిలబడి ఉన్నారు. ముక్క వంక చూశాడు, కాంక్రీటు వంక చూశాడు. పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేశాడు. పోలీసులు వస్తే మేం జడిసి లేస్తామనుకున్నాడు. పాపం, లెక్క తప్పాడు.

పోలీసు జీపు వచ్చేసరికి వీధి చివరనుంచి పిల్లలు వస్తున్నారు. ముందు పెద్ద టీచరమ్మ, వెనక సంచులతో పిల్లలు, వాళ్ళకి రెండు వైపులా ముసలివాళ్ళు, పని మానుకుని వచ్చిన మగవాళ్ళు. పైనుంచి నాకు అంతా కనపడుతోంది. గేటు దగ్గర మా మావయ్య నిలబడి ఉన్నాడు. తాపీ అంచు సీలు కింద దూర్చి ఒక్క పోటు పొడిచాడు. లక్క ముక్కలై రాలింది. గేటు తెరుచుకోగానే వీధంతా కేక పెట్టింది. బావ ముఠా గొడౌన్లోంచి జాకీలు భుజాన వేసుకుని రోడ్డు దాటింది. అవి తెల్లచొక్కావే. అతని కళ్ళ ముందే పోయి కొత్త బ్లాకు కప్పు కింద నిలబడ్డాయి.

పోలీసుల వెంట వచ్చిన ఆఫీసరు జీపులోంచి దూకి పాత హాలు గుమ్మంలోకి పరిగెత్తాడు. "సీలు తియ్యడం నేరం! అందరూ బయటికి రండి!"

"హాజరు వేస్తున్నాను సార్, మాట్లాడకండి" అంది టీచరమ్మ. పిల్లలు ఒక్కొక్కరే పలికారు. ఆఫీసరు ఆ హాజరు అయిపోయేదాకా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఇటు పైన తెల్లచొక్కా చెమటతో తడిసిపోయాడు. కొనేవాళ్ళలో ఒకతను కిందినుంచి, "ఆ ముక్కలో ఏముందండీ? ఎందుకు వెనకాడుతున్నారు?" అని అరిచాడు. ఇక తప్పలేదు. నా చేతిలోంచి లాక్కుని నాలుక మీద పెట్టుకున్నాడు.

"రుచేంటి?"

"...ఉప్పు."

"వాళ్ళకి వినపడలేదు."

"ఉప్పు! ఉప్పే! చాలా? ఇక తిప్పండి మిల్లరు!"

మిల్లరక్క వంగి స్లాబు అంచున బొటనవేలు పెట్టి బలంగా నొక్కింది. వేలు దిగలేదు. నడుముకున్న హ్యాండిల్ సర్దుకుని, "అయిపోయింది సార్. మీరే ఆలస్యం చేశారు" అంది.

అతను మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో ఆ కాంక్రీటును తడిమాడు. చొక్కా నిండా బూడిదరంగు మరకలు. ఈసారి చొక్కా చూసుకోలేదు. నీకు జాలి వెయ్యలేదా అని తరువాత కొందరు అడిగారు. వెయ్యలేదు. అతను అలా తడుముతుంటే కడుపునిండా చూశాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న మా మావయ్య చేతులు గుర్తు తెచ్చుకుని మరీ చూశాను.

మావయ్యను పట్టుకుపోయారు. సీలు పగలగొట్టినందుకు ఒక కేసు, మమ్మల్ని రెచ్చగొట్టి స్లాబు చెడగొట్టించినందుకు ఇంకోటి. ఆడవాళ్ళం జీపుకి అడ్డం కూర్చున్నాం. ఆయనే వద్దన్నాడు. "నేను పోతే పోయానమ్మా, మీరు లేచి గేటు దగ్గర కూర్చోండి. అది మూయనివ్వకండి." కానిస్టేబులు చెయ్యి పట్టుకుంటే, "ఉండు బాబూ, తాపీ కడగాలి" అని బడి కుళాయి దగ్గరికి పోయి, అంచుకు అంటిన లక్క గీకి, శుభ్రంగా కడిగి నా చేతిలో పెట్టాడు. ఆ తరువాతే జీపెక్కాడు.

గేటు మేం మూయనివ్వలేదు. వంతులు వేసుకుని కూర్చున్నాం. ఉప్పు మాట కొనేవాళ్ళ నోటి మీదుగా ఊరంతా పాకేసరికి ఆఫీసరుకి వేరే దారి లేకపోయింది. పాత హాల్లో బడి నడవచ్చని, కొత్త బ్లాకు గది తరువాత గది బాగు చేయాలని కాగితం రాసిచ్చాడు. ఏటి ఇసుక వచ్చింది. ప్రతి లోడూ మేం నాలుక మీద పెట్టుకుని చూశాకే దింపనిస్తున్నాం. చిన్న తట్టల్ని పిల్లలే మట్టి నింపి వరండా అంచున మొక్కలు పెట్టుకున్నారు.

పిట్ట చేతికర్రతో మళ్ళీ బడికి వస్తోంది. పాత హాల్లో కిటికీ పక్కనే కూర్చుంటుంది. అక్కడినుంచి చూస్తే ఎదురుగా కాంప్లెక్సు, దాని నెత్తిన సగం స్లాబు, ఖాళీ సగంలో ఎండకీ వానకీ తుప్పు పడుతున్న చువ్వలు.

"అమ్మా, అది ఎప్పుడు పూర్తి చేస్తారు?" అని అడిగింది ఒకరోజు.

"తాతయ్య వచ్చాక అడుగుదాం" అన్నాను. తాతయ్య ఇంకా జైల్లోనే ఉన్నాడు. పొద్దునే కలవడానికి పోతే మొదట బడి సంగతే అడుగుతాడు, తరువాత తన తాపీ సంగతి.

మొన్న బడి గేటు దగ్గరికి ఎవరో మనుషులు వచ్చారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. మాలాంటివాళ్ళే. వాళ్ళలో ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చి చీర కొంగు ముడి విప్పింది. లోపల ఒక పెచ్చు ముక్క.

"మా పిల్లల బడి కప్పులోది. నిన్న రాలింది. కట్టింది అతనే" అంది, ఎదుటి సగం స్లాబు వైపు చూపిస్తూ.

నేను గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ముక్క మిల్లరక్కకి ఇచ్చాను. ఆమె రుచి చూసి, ఉమ్మేసి, నడుము దగ్గర హ్యాండిల్ ఒకసారి తడుముకుంది.

"మీ వైపు అతని స్లాబు ఏ రోజు?" అని అడిగింది.